పింఛనుకు ఎన్నేళ్ల కాపురం

నేను కెనడా సైన్యంలో ఇరవై రెండేళ్లు పనిచేసి సార్జెంటుగా రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే మనవాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు. వాళ్ల గౌరవాన్ని చెడగొట్టడం ఇష్టంలేక, మిగతా సంగతి చెప్పకుండా ఊరుకోవడం నాకు చాలాకాలం అలవాటుగా ఉండేది. మిగతా సంగతి ఏమిటంటే, నా ఉద్యోగం స్టోర్సులో. సైనికులకు బూట్లు, మేజోళ్లు, స్లీపింగ్ బ్యాగులు, గుడారాలు ఇచ్చి సంతకం తీసుకోవడం, తిరిగి తెచ్చినప్పుడు చిరుగులు వెతకడం. తుపాకి పేల్చకపోలేదు. అట్టబొమ్మల మీద పేల్చాను. అవి కూడా చాలావరకు క్షేమంగానే ఉన్నాయి.

ఒకే ఒకసారి ఆరు నెలలు విదేశానికి పంపారు. గల్ఫ్ దేశం. అక్కడా గోదామే. వంటశాలలో పనిచేసే రాజంపేట మనిషి ఒకడు నా ముఖం చూసి తెలుగువాణ్ణని కనిపెట్టాడు. కెనడా యూనిఫాంలో ఉన్న నన్ను ఎగాదిగా చూసి, "కెనడా దాకా పోయి కూడా ఈడికే వచ్చినావా సార్?" అని జాలిపడ్డాడు. రెండు చపాతీలు ఎక్కువ వేశాడు. నా యుద్ధానుభవం అంతే.

కంప్యూటరు ఉద్యోగం కోసమే ఈ దేశం వచ్చాను. వచ్చిన కొత్తలోనే ఆ ఉద్యోగాలన్నీ ఒక్కసారిగా కుప్పకూలాయి. సిటిజన్‌షిప్ చేతికొచ్చేసరికి నాకు ముప్పైమూడేళ్లు, చేతిలో పిజ్జా డెలివరీ పని, ఇంట్లో భార్య, ఏడాది పాప. బస్సు వెనక సైన్యం ప్రకటన చూశాను. 'పింఛను' అన్న ఒక్క మాట నన్ను కదిలించింది. గుంటూరు జిల్లాలో ట్రెజరీ గుమాస్తా కొడుకుని. దేశభక్తి అంటే మా ఇంట్లో నెలనెలా వచ్చేదని అర్థం.

నా భార్య ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఎడ్. నేను సైన్యంలో చేరాక మొదట విన్నిపెగ్ వెళ్లాం. అక్కడ టీచరు సర్టిఫికెట్ కోసం కాగితాలు పెట్టుకుంది, ఇంకా ఏవో కోర్సులు చదవమంటే చదివింది. అది చేతికొచ్చే వేళకు నాకు ఒంటారియో రాష్ట్రానికి పోస్టింగు వచ్చింది, ఒషావా అనే ఊళ్లో అప్పు చేసి ఇల్లు కొన్నాం. ఇక్కడ టీచరు కావాలంటే ఈ రాష్ట్రం వాళ్లకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ కాగితాలు. సరే, మొదలుపెట్టింది. అంతలో నేను గల్ఫ్‌కు వెళ్లాను. తిరిగొచ్చిన కొంతకాలానికి మూడేళ్లు ఎడ్మంటన్ అన్నారు, మూడు వేల కిలోమీటర్ల దూరం. ఈసారి నేను రానని ఆవిడ ఒషావాలోనే ఉండిపోయింది. పాప చదువు, ఇంటి అప్పు. చివరికి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఒక స్కూల్లో మధ్యాహ్నం పిల్లలు అన్నం తినేటప్పుడు కొట్టుకోకుండా చూసే ఉద్యోగంలో కుదురుకుంది. రోజుకు రెండు గంటలు. పింఛను లేదు. నా ఆఖరి పోస్టింగు ఒషావాకు గంటన్నర దూరంలో. నాలుగేళ్లు శని, ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాణ్ణి.

అలా మా కాపురం ఇబ్బంది లేకుండా నడిచింది. ఇబ్బంది నేను రిటైరై ఇంటికి వచ్చాక మొదలైంది.

పనిలేని స్టోర్సు సార్జెంటుకు ఇల్లు అప్పజెప్పకూడదు. మొదటి నెలలో వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించాను. రెండో నెలలో సరుకుల పుస్తకం పెట్టాను. మూడో నెలలో ఒకరోజు, "రెండు కిలోల కందిపప్పు తొమ్మిది రోజుల్లో ఎలా అయిపోయింది?" అని అడిగాను. ఆవిడ పప్పుగుత్తి చేత్తోనే నావైపు తిరిగింది.

"తిన్నామండీ," అంది.

"నేను అడిగేది అది కాదు. లెక్క ప్రకారం..."

"ఏవండీ, ఇది వంటిల్లు. మీ బేసు కాదు."

ఇలా పధ్నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం ఇడ్లీలు పెడుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీరు ఎడ్మంటన్‌లో ఉన్నప్పుడు నేను హాయిగా ఉన్నాను. ఆ సంగతి మీరు ఇంటికొచ్చాకే తెలిసింది. విడిపోదాం."

అరుపులు, ఏడుపులు ఏమీ లేవు. నేను చట్నీ అడిగాను. వేసింది. వాంకూవర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఐ నో, డాడ్. మామ్ టోల్డ్ మీ లాస్ట్ ఇయర్," అంది. నాకంటే ఏడాది ముందే మా విడాకుల సంగతి అమ్మాయికి తెలుసు.

ఇల్లు అమ్మేశాం. చెరిసగం. ఆవిడ ఒక చిన్న కాండో ఫ్లాటులోకి మారింది. పింఛను సంగతి తేలేదాకా డబ్బు ఖర్చుపెట్టొద్దని నా లాయరు చెప్పడంతో నేను ఒక గది వెతుక్కోవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే దేశంలోని కాలేజీలన్నీ మన తెలుగు పిల్లల మీద పడ్డాయి. ఒషావాలో అద్దెకు బేస్‌మెంట్ అన్నది దొరకడం మానేసింది. ఇద్దరుండే గదిలో నలుగురు, కారు గరాజులో ఇద్దరు. చివరికి విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక గది కనబడింది. వెళితే, ఆ ఇంట్లో ఉండే ఐదుగురు సోఫాలో వరసగా కూర్చుని నన్ను ఇంటర్వ్యూ చేశారు.

"అంకుల్, మీది ఏ కాలేజ్?"

"నేను రిటైర్డ్ ఆర్మీ."

ఐదుగురూ నిటారుగా కూర్చున్నారు. గది ఇచ్చారు. ఫ్రిజ్‌లో మూడో అర నాది. నా పేరు రాసిన టేపు అంటించారు. ఇరవై రెండేళ్లు ఇతరుల సామాన్లకు టేపులు అంటించినవాణ్ణి, అంచు సరిగ్గా అంటిందో లేదో మాత్రం చూసుకున్నాను.

ఇక పింఛను. ఇక్కడి చట్టం ఏమిటంటే, సైన్యంలో పనిచేస్తూ భార్యతో కాపురం చేసిన కాలానికి ఎంత పింఛను కూడిందో దాన్ని ఒకే మొత్తంగా లెక్కగడతారు. అందులో సగం దాకా ఆమె రిటైర్మెంట్ ఖాతాకు పంపవచ్చు. ఆ మేరకు నాకు నెలనెలా వచ్చేది ఎప్పటికీ తగ్గిపోతుంది. నా లాయరు స్కార్‌బరోలో ఆఫీసున్న తమిళావిడ. శ్రీలంక నుంచి వచ్చిన మనిషి. యుద్ధం అంటే ఏమిటో నాకంటే ఆవిడకు బాగా తెలుసు. అందుకే నేను "దేశసేవ" అన్నప్పుడల్లా ఆవిడ కళ్లద్దాలు తుడుచుకునేది. సంగతంతా వివరించి, "ఇరవై రెండేళ్లలో మీరు కలిసి లేని కాలం ఏమైనా ఉందా?" అని అడిగింది.

పడక విడిపోయి ఉన్న భార్యాభర్తల గురించి ఆవిడ అడిగింది. నాకు మాత్రం ఆ ప్రశ్నలో ఒక తలుపు కనిపించింది. గల్ఫ్ ఆరు నెలలు. ఎడ్మంటన్ మూడేళ్లు. ఆఖరి నాలుగేళ్లు వారానికి ఐదు రోజులు. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడున్నరేళ్లు! ఆ ఏడున్నరేళ్లూ నేను ఒక మంచం మీద, మా ఆవిడ మరో మంచం మీద. దాన్ని కాపురం అని ఎవరంటారు?

"పోస్టింగును విడిపోవడం అనరు," అంది లాయరు.

"వాదించి చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. నా ఫీజు గంటకు ఇంత," అంది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం నూరిపోసినవాడు మా తెలుగు సంఘం అధ్యక్షుడు. అమెరికాలో గ్రీన్‌కార్డు రాక ఇటు వచ్చిన ఐటీ మనిషి. నా గొడవ ఆయన చెవిన పడగానే ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చాడు. "సార్, మీరు ప్రాణాలకు తెగించి సంపాదించిన పింఛను. అందులో ఆడవాళ్లు చెయ్యి పెట్టడం ఏంటి సార్? మీరు అస్సలు తగ్గొద్దు," అన్నాడు. ఆయన భార్య బిస్కెట్లు పెడుతూ నావైపు గానీ భర్తవైపు గానీ చూడలేదు.

అక్కడితో ఆగలేదు. సంఘం వార్షికోత్సవంలో నాకు సన్మానం పెట్టించాడు. అద్దెకు తీసుకున్న ఒక స్కూలు జిమ్‌లో, బాస్కెట్‌బాల్ స్తంభం కింద, నాకు శాలువా కప్పారు. పరిచయం చేసిన కుర్రాడు నన్ను "సరిహద్దుల్లో కన్నార్పకుండా కాపలా కాసిన వీరుడు" అన్నాడు. ఈ దేశానికి చెప్పుకోదగ్గ సరిహద్దు ఒకటే. దాని అవతల అమెరికా. ఆ హాల్లో సగంమంది ఆ సరిహద్దును సామాన్లతో సహా దాటి వచ్చినవాళ్లే, నేనెవరినీ ఆపలేదు. మైకు ఇచ్చారు. మేజోళ్ల సంగతి చెబుదామని నోరు తెరిచాను. ముందు వరసలో చిన్నపిల్లలు సెల్యూట్ చేస్తున్నారు. "త్యాగం" అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. చప్పట్లు మోగాయి. దాంతో నాలుగు నిమిషాలు త్యాగం గురించే మాట్లాడాను.

ఆ శాలువాతో నా వాదం మీద నాకే నమ్మకం పెరిగింది. సాక్ష్యాలు సేకరించడం మొదలుపెట్టాను.

నేను గది తీసుకున్న ఇంట్లోని ఐదుగురిలో ఒకడు మిగతావాళ్లకంటే పెద్ద, ముప్పైనాలుగేళ్లవాడు. వరంగల్లులో బ్యాంకు ఉద్యోగం వదిలి, ఇక్కడ ఒక కాలేజీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదువుతూ, గోదాములో పెట్టెలు మోస్తున్నాడు. భార్య, నాలుగేళ్ల కొడుకు అక్కడే ఉన్నారు. వాళ్లను ఇక్కడికి తెప్పించుకోవడానికి ఒకసారి అప్లై చేస్తే తిరస్కరించారు. వాళ్ల వివాహబంధం నిజమైనదేనని నమ్మకం కలగలేదని జవాబు వచ్చింది. అందుకని మళ్లీ అప్లై చేయడానికి అతనూ సాక్ష్యాలు సేకరిస్తున్నాడు.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే డైనింగ్ టేబుల్. ఒక ఆదివారం మధ్యాహ్నం దానికి ఒక పక్క నేను, ఇంకో పక్క అతను, ఇద్దరం కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. నా ముందు ఎడ్మంటన్ రోజుల ఫోన్ బిల్లులు. ఇంటికి వారానికి ఒకసారి ఫోన్, మహా అయితే నాలుగైదు నిమిషాలు. ఎర్ర పెన్నుతో గీతలు గీస్తున్నాను. అతని ముందు వాట్సాప్ కాల్స్ ప్రింటవుట్లు. రోజుకు నాలుగైదు నిమిషాలు. అతనూ ఎర్ర పెన్నుతోనే గీస్తున్నాడు.

"ఇవి ఎందుకన్నా?" అని నా బిల్లుల వైపు చూపించి అడిగాడు.

"మేమిద్దరం కలిసి లేమని చూపించడానికి. చూడు, నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో ఎవరైనా కాపురం చేస్తారా?"

అతను తన కాగితాల వైపు చూసుకున్నాడు. "గట్లంటవేందన్నా? నాకున్నయే నాలుగు నిమిషాలు. పిలగాడు నిద్రవోకముందు ఫోన్ చెయ్యాలె, ఇక్కడ షిఫ్టుకు బ్రేక్ గంతే ఇస్తరు. నాలుగు నిమిషాలు సరిపోవంటవా ఇమిగ్రేషనోళ్లకు?"

"అబ్బే, నీ సంగతి వేరు. నువ్వు ఉద్యోగం కోసం, కుటుంబం కోసం దూరంగా ఉన్నావు."

"మరి నువ్వెందుకున్నవన్నా?"

అడిగినవాడిలో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లాను. పాలు నా అరలో అయిపోతే అతని అరలోంచి తీసుకున్నాను. టీ తాగి వచ్చి మళ్లీ గీతలు గీయడం కొనసాగించాను. ఇంగితం అన్నది నాకు ఎప్పుడూ సరఫరాలో ఆలస్యంగా వచ్చే సరుకే.

ఆ సాయంత్రమే నాకు బ్రహ్మాస్త్రం దొరికింది. పాత పెట్టెలో ఎడ్మంటన్ కాలంనాటి ఒక అలవెన్సు ఫారం. కుటుంబాన్ని వదిలి వేరే ఊళ్లో పనిచేసేవాళ్లకు అద్దెకు, తిండికి ఇచ్చే డబ్బు. ఫారం పైన పెద్ద అక్షరాలతో 'సెపరేషన్' అని ఉంది. ఇంకేం కావాలి? మేము విడిపోయి ఉన్నామని సాక్షాత్తూ ప్రభుత్వమే ముద్ర వేసి చెప్పింది! ఆ మొదటి పేజీని నాలుగు కాపీలు తీయించాను. లాయరుకు ముందుగా చూపించలేదు. చూపిస్తే గంట ఫీజు. నేరుగా సమావేశంలోనే బయటపెట్టి అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆ కోరిక పూర్తిగా నెరవేరింది.

కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోమని లాయర్లిద్దరూ చెప్పారు. మధ్యవర్తి ఆఫీసు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన. కింద నుంచి డ్రిల్లు చప్పుడు సన్నగా వినిపిస్తోంది. బల్లకు ఒకవైపు నేను, నా లాయరు. ఎదురుగా ఆవిడ, ఆవిడ లాయరు. చివర్లో మధ్యవర్తి, తెల్లజుట్టు పెద్దమనిషి. మా ఆవిడను, అంటే మాజీ ఆవిడను, చూసి తొమ్మిది నెలలైంది. జుట్టు కత్తిరించుకుంది. ఆకుపచ్చ స్వెటరు. ఒడిలో ఒక పాత ఫైలు. "బాగున్నారా?" అంది. విడాకులు తీసుకుంది గానీ 'మీరు' తీసేయలేదు.

నేను నా ఏడున్నరేళ్ల వాదం ఇంగ్లీషులో చెప్పాను. ఫోన్ బిల్లులు చూపించాను. మధ్యవర్తి మర్యాదగా తల ఊపాడు. నా లాయరు కిటికీలోంచి పార్కింగు చూస్తోంది. అప్పుడు ఆ ఫారం తీసి అందరికీ తలొక కాపీ పంచాను. "దిస్ ఈజ్ ద గవర్నమెంట్స్ ఓన్ వర్డ్," అన్నాను.

మా ఆవిడ కాపీ అందుకుని, వెనక్కి తిప్పి చూసి, తెలుగులో అడిగింది.

"రెండో పేజీ ఏదండీ?"

"ఏ రెండో పేజీ?"

ఆవిడ ఏమందని మధ్యవర్తి అడిగాడు. ఆవిడ జవాబు చెప్పకుండా ఒడిలోని ఫైలు విప్పి, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అది రెండో పేజీ. దాని కింద ఇంకో రెండు. ఏడాదికొకటి చొప్పున మూడేళ్లవి మూడు. ఆవిడ లాయరు చదివి వినిపించింది. భార్యాబిడ్డలతో నా కాపురం యథాతథంగా కొనసాగుతోందని, ఉద్యోగ అవసరం వల్ల మాత్రమే దూరంగా ఉంటున్నానని, మేము విడిపోయిన పక్షంలో ఆ సంగతి వెంటనే తెలియజేస్తానని ప్రకటిస్తూ కింద నా సంతకం. సంతకం కింద తేదీ. స్టోర్సువాణ్ణి కదా, తేదీ వేయకుండా సంతకం చేయను.

కింద డ్రిల్లు ఆగింది. నా లాయరు మెల్లగా లేచి, రెండు నిమిషాలు బయటికి రమ్మంది.

"దారులు రెండు," అంది వరండాలో, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఆ మూడేళ్లూ మీరు విడిపోయి ఉన్నారంటే, అబద్ధపు ప్రకటన చేసి ప్రభుత్వం డబ్బు తీసుకున్నట్టు. కలిసే ఉన్నారంటే, ఆవిడ వాటా ఆవిడకు ఇవ్వాలి. ఏది కావాలో మీరే చెప్పండి. నాకు ఏదైనా ఫీజు ఒకటే."

మళ్లీ లోపలికి వెళ్లాం. పరువు దక్కించుకుందామని, "ఎలాగైనా ఆ రోజుల్లో నేను ఇంట్లో లేనన్నది నిజమే కదా," అన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించాను.

ఆవిడ అప్పటిదాకా నాతో ఆ గదిలో మాట్లాడింది రెండు ముక్కలే. ఇప్పుడు ఫైలు మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"నిజమే. మీరు లేరు. మీరు లేరు కాబట్టే నేను ఉండాల్సి వచ్చింది. జనవరిలో ఫర్నేసు ఆగిపోతే పాపను కోటుతో పడుకోబెట్టింది నేను. దానికి ఉబ్బసం వచ్చినప్పుడల్లా మంచు తవ్వుకుని కారు బయటికి తీసింది నేను. టీచరు కోర్సుకు సాయంత్రం క్లాసులుండేవి. పాపను ఎవరికి వదిలి వెళ్లను? ఒక్క మాట చెప్పండి. ఇంట్లో నేను లేకపోతే మీరు ఎడ్మంటన్ వెళ్లేవారా?"

జవాబు ఏమిటో బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ, తెలుగు రానివాళ్లతో సహా, అర్థమైంది. వెళ్లగలిగేవాణ్ణి కాదు. వెళ్లకపోతే ప్రమోషను లేదు. ప్రమోషను లేకపోతే సార్జెంటు పింఛను లేదు. నేను గోదాముల్లో ఇతరుల గుడారాలు లెక్కపెడుతున్నంత కాలం నా గుడారం పట్టుకుని నిలబడ్డది ఆ మనిషి. ఇది నాకు ఆ బల్ల దగ్గర హఠాత్తుగా జ్ఞానోదయంలా తట్టిందని చెబితే అబద్ధం. ముందు నాకు పట్టింది చెమట. సిగ్గు వచ్చింది ఆ తర్వాత, కారులో.

సంతకాలు పెట్టాం. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా మినహాయించలేదు.

పార్కింగులో ఆవిడ కారు అద్దం మీది మంచు గీకుతుంటే దగ్గరికి వెళ్లాను. "ఆ రెండో పేజీలు నీ దగ్గరెలా ఉన్నాయి?"

"మీ కాగితాలన్నీ సర్ది పెట్టింది ఎవరనుకున్నారు?" అంది, గీకడం ఆపకుండా. తర్వాత ఒకసారి నన్ను తేరిపార చూసి, "చలికోటు గుండీ ఊడింది, కుట్టించుకోండి," అని కారెక్కి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు పింఛను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తగ్గిన నెలసరి ఎంతో చక్కగా అంకెల్లో ఉంది. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు ఎక్కడా లేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి, "ఐ గేవ్ యువర్ మదర్ హర్ షేర్," అని కాస్త దాతలా చెప్పాను.

"డాడ్," అంది, "యూ డింట్ గివ్ ఇట్. ఇట్ వాజ్ హర్స్."

నేను త్యాగం గురించి మాట్లాడబోయి మానుకున్నాను.

ఆ నెలలోనే వరంగల్లు మనిషి నా గది తలుపు తట్టాడు. అతని కొత్త దరఖాస్తుకు తోడుగా, వాళ్ల బంధం నిజమైనదని తెలిసినవాళ్లెవరైనా ఉత్తరం రాస్తే మంచిదని ఎవరో చెప్పారట. "నువ్వు ఆర్మీ గద అన్నా. నువ్వు రాస్తే నమ్ముతరు."

"నా మాట మీద అంత నమ్మకం పెట్టుకోకు," అన్నాను. అయినా కూర్చుని రాశాను. అతను తన భార్యకూ కొడుక్కూ రోజూ ఫోన్ చేయడం ఏడాదిగా చూస్తున్నానని, జీతంలో సగానికి పైగా ఇంటికి పంపడం తెలుసునని, ఉద్యోగం కోసం దూరంగా ఉన్నంత మాత్రాన కాపురం ఆగిపోదని, ఆ సంగతి నా అనుభవంలో రూఢిగా తెలుసుకున్నానని. సంతకం చేసి తేదీ వేశాను. ఏడు నెలలకు వాళ్లకు వీసాలొచ్చాయి. టొరంటో విమానాశ్రయానికి నా కారులోనే వెళ్లాం. నాలుగేళ్లవాడు ఐదేళ్లవాడై వచ్చాడు. తండ్రి చేతులు చాస్తే ముందు నా వెనక దాక్కున్నాడు. కారెక్కాక అతని భార్య నాతో, "ఉత్తరం రాసిన్రట గద, మీ మేలు మర్చిపోమన్నా," అంది. వదిన ఎక్కడ అని కూడా అడిగింది. దారిపొడుగునా పక్కసీట్లోని భర్త రోడ్డు మీది బోర్డులన్నీ బిగ్గరగా చదువుతూ నన్ను కాపాడాడు.

సంఘం అధ్యక్షుడు నేను సంతకం పెట్టేశానని తెలిసి చాలా బాధపడ్డాడు. "మీలాంటి వీరులే లొంగిపోతే ఎలా సార్?" అన్నాడు. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన భార్య నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. లాయరు నెంబరు కావాలి."

"నా లాయరుదా అమ్మా?"

"కాదండీ," అంది నెమ్మదిగా. "వదినగారి లాయరుది."

ఇచ్చాను. ఎందుకని అడగలేదు. ఆ తర్వాతి వార్షికోత్సవానికి అధ్యక్షుడు మారాడు. సన్మానాలు మాత్రం మామూలుగానే జరిగాయి.

ఇప్పుడు నేను స్కూలు బస్సు నడుపుతున్నాను. తగ్గిన పింఛనుకు దీని జీతం కలిస్తే ఒక గది ఫ్లాటుకు సరిపోతోంది. ఫ్రిజ్ అంతా నాదే, అందులో పెట్టడానికి ఏమీ ఉండదన్నది వేరే సంగతి. బస్సులో నలభైమంది పిల్లలు. దిగేటప్పుడు లెక్కపెడతాను. పిల్లలు ఇప్పటిదాకా తక్కువ కాలేదు. మేజోళ్లు, టోపీలు, చేతి తొడుగులు మాత్రం రోజూ మిగులుతాయి.

మా మాజీ ఆవిడ భోజనాల కాపలా ఉద్యోగం మానేసింది. ఆ వాటా డబ్బు ఇప్పుడే ముట్టుకోవడానికి వీల్లేకపోయినా, ముసలితనానికి ఒక భరోసా ఉందన్న ధైర్యంతో, యాభైమూడో ఏట మళ్లీ ఆ టీచరు కాగితాలు బయటికి తీసింది. రెండేళ్లు కోర్సు చేసింది. ఈ మధ్యనే ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చిందని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో అంత సంతోషం నా ప్రమోషన్లకు ఎప్పుడూ వినలేదు. నేనూ ఆవిడకు ఫోన్ చేసి అభినందించాను.

"పింఛను ఉందా ఆ ఉద్యోగానికి?" అని అడిగాను.

"ఉందండీ. టీచర్ల పింఛను. మంచిదే అంటున్నారు."

ఫోన్ పెట్టేశాక కాసేపు ఆలోచించి, ఊరికే, తెలుసుకోవడానికి మాత్రమే, నా లాయరుకు ఫోన్ చేశాను. విడాకుల తర్వాత సంపాదించే పింఛనులో మాజీ భర్తకు వాటా ఏమైనా ఉంటుందా అని అడిగాను.

ఫోన్లో కనబడకపోయినా, ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటోందని తెలిసింది. తర్వాత చాలా సౌమ్యంగా, "ఈ ప్రశ్నకు ఫీజు తీసుకోను," అని ఫోన్ పెట్టేసింది.